కెథడ్రల్ రంగు గాజు కిటికీల పరిరక్షణకు నిధుల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

బిషప్ పీఠం ఉండే ప్రధాన చర్చిని కెథడ్రల్ అంటారు. అలాంటి చర్చిలోని చారిత్రక రంగు గాజు కిటికీలను కాపాడేందుకు విరాళాలు సేకరించాలనుకునే సంఘాలు, ధర్మకర్తలు, స్వచ్ఛంద సేవకులు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ఈ నిధుల సేకరణకు ఒక చిక్కు ఉంది. పని ఎంత చక్కగా జరిగితే అది అంత తక్కువగా కంటికి కనిపిస్తుంది. కోట్లు ఖర్చు పెట్టిన కిటికీ కూడా నేల మీద నిలబడి చూసేవారికి ఇంచుమించు ఎప్పటిలాగే ఉంటుంది. ఈ చిక్కును దాతలకు ఎలా చెప్పాలన్న ఆలోచన కింది జవాబుల్లో చాలా వాటి వెనుక ఉంది.

ఒక్క కిటికీకి అంత ఖర్చు ఎందుకు అవుతుంది?

ఇంగ్లండులోని యార్క్ నగరపు కెథడ్రల్ అయిన యార్క్ మిన్‌స్టర్ తూర్పు మహా కిటికీ కథ వింటే ఇది బాగా అర్థమవుతుంది. 1405 డిసెంబరులో జాన్ థోర్న్‌టన్ అనే గాజు పనివాడు ఆ కిటికీని మూడేళ్లలో పూర్తి చేస్తానని ఒప్పందం రాసిచ్చాడు. వారానికి 4 షిల్లింగులు, ఏడాదికి 5 పౌండ్లు, పని ముగిశాక మరో 10 పౌండ్లు, అంతా కలిపి సుమారు 56 పౌండ్ల వేతనం. 1408 నాటికి కిటికీ నిలబడింది. మన కాలంలో అదే కిటికీలోని 311 ప్యానెళ్లను, అంటే సీసపు పట్టీలతో కూర్చిన గాజు పలకలను, 2008లో దించి, పరిరక్షించి, తిరిగి ఎక్కించే సరికి 2018 వచ్చింది, ఖర్చు 1.15 కోట్ల పౌండ్ల దాకా అయింది. తయారీకి మూడేళ్లు సరిపోయిన కిటికీని కాపాడడానికి పదేళ్లు పట్టింది.

తేడా ఎక్కడుందో తెలియాలంటే పనిబల్ల దగ్గరికి వెళ్లాలి. కింద నుంచి వెలుగు వచ్చే బల్ల మీద ఒక ప్యానెల్‌ను పరుస్తారు. అందులో ఒక సాధువు ముఖం ఉందనుకోండి. కనురెప్ప వెంట్రుకంత సన్నని గీత ఒకటి ఉంటుంది. ఇనుము లేదా రాగి ఆక్సైడును గాజు పొడితో కలిపి, కుంచెతో దిద్ది, కొలిమిలో కాల్చి గాజుకు అతికించిన గీత అది. ఆరు వందల ఏళ్ల తరువాత ఆ గీత అంచు పొలుసులా లేచి ఉంటుంది, దాని మీద మసి పేరుకుని ఉంటుంది. పరిరక్షకురాలు మైక్రోస్కోపు కింద చూస్తూ, మెత్తని కుంచెతోనో తడిపిన దూది పుల్లతోనో మసిని మాత్రమే తీయాలి. చేయి కొంచెం బరువైతే మసితో పాటు సాధువు కన్ను కూడా ఊడిపోతుంది, దానిని తిరిగి తెచ్చే దారి లేదు. ఒక్క ముఖానికే రోజులు పట్టే ఈ పనిని ప్యానెళ్ల సంఖ్యతో హెచ్చిస్తే, దాతలు అడిగే ప్రశ్నకు సమాధానం చాలా వరకు దొరుకుతుంది.

చూడడానికి కిటికీ బాగానే ఉంది కదా, ఇప్పుడే ఎందుకు చేయాలి?

దూరం నుంచి చూసినంత మాత్రాన గాజు ఆరోగ్యం తెలియదు. మధ్యయుగపు ఐరోపా గాజులో ఎక్కువ భాగాన్ని ఇసుకకు కట్టెల బూడిదను కలిపి కరిగించి తయారు చేశారు. బూడిద వల్ల అందులో పొటాషియం, కాల్షియం ఎక్కువ, సిలికా తక్కువ. అటువంటి గాజు మీద తేమ నిలిస్తే పొటాషియం నెమ్మదిగా బయటికి కారిపోతుంది, ఉపరితలం మీద చిన్న చిన్న గుంటలు పడతాయి, కాల్షియం గాలిలోని గంధకంతో కలిసి జిప్సం పొరగా గట్టిపడుతుంది. వానతో వచ్చే తేమ ఒక్కటే కాదు. చలికాలంలో గాజు లోపలి వైపు పట్టే చెమ్మ మరీ ప్రమాదం, ఎందుకంటే చిత్రలేఖనంలో అధిక భాగం లోపలి వైపే ఉంటుంది.

గాజు ముక్కలను కలిపి పట్టుకునే సీసపు పట్టీలు కూడా శాశ్వతం కావు. ఎండకు వ్యాకోచించి చలికి కుంచించుకుని అవి అలసిపోతాయి, అతుకుల దగ్గర చీలతాయి, గాలి ఒత్తిడికి ప్యానెల్ పొట్ట ఉబ్బినట్టు ముందుకు వస్తుంది. వెనుక ఆధారంగా ఉన్న ఇనుప కడ్డీలు తుప్పు పట్టి లావెక్కి, తమను పట్టుకున్న రాతినే పగలగొడతాయి. ఇవన్నీ నిదానంగా జరుగుతాయి కాబట్టి, "రేపే కూలిపోతుంది" అని విజ్ఞప్తిలో రాయడం చాలా సందర్భాలలో అబద్ధమవుతుంది. నిపుణుల నివేదికలో అత్యవసరమని ఉంటే అలాగే రాయండి. లేదంటే, ఇవాళ ప్యానెల్ మీద ఉన్న చిత్రం పదేళ్లు ఆలస్యమైతే అంతా ఉండదని రాస్తే చాలు. అది నిజం, దాతలకు అర్థమయ్యే నిజం.

పాత గాజు కాలక్రమంలో కిందికి జారుతుందని విన్నాము. దానిని విజ్ఞప్తిలో వాడవచ్చా?

వాడకండి. గది ఉష్ణోగ్రతలో గాజు ప్రవహించదు. కొన్ని పాత అద్దాలు ఒక అంచున దళసరిగా ఉండడానికి కారణం, ఊదిన గాజును పలకగా మార్చే అప్పటి పద్ధతిలో మందం సమంగా రాకపోవడమే. విజ్ఞప్తిలో ఇలాంటి కథ ఒకటి దొర్లితే, శాస్త్రం తెలిసిన ఒక్క దాత చాలు, మిగిలిన పత్రాన్ని కూడా అనుమానించడానికి.

విరాళాల సేకరణ ఎప్పుడు మొదలుపెట్టాలి?

స్థితి సర్వే పూర్తయ్యాకే. నిధుల సంఘాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఉత్సాహం ఉన్నప్పుడే డబ్బు అడగాలన్న తొందరలో ఒక ఉజ్జాయింపు అంకెను ప్రకటించేస్తారు, తరువాత పరంజా కట్టి దగ్గర నుంచి చూస్తే ఖర్చు రెట్టింపని తేలుతుంది. అప్పుడు దాతల దగ్గరికి రెండోసారి వెళ్లడం ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు.

అందుకని ముందు ఒక చిన్న మొత్తం సేకరించి సర్వేకు ఖర్చు పెట్టండి. ప్రతి ప్యానెల్‌కు ఫొటోలు, ఏ ముక్క ఏ కాలానిదో సూచించే పటం, సీసం, రాయి, ఇనుముల పరిస్థితి, ఏది ముందు ఏది తరువాత అన్న క్రమం ఆ నివేదికలో ఉండాలి. రంగు గాజు చరిత్రను నమోదు చేసేందుకు 1952లో మొదలైన అంతర్జాతీయ సంస్థ కార్పస్ విట్రేయారం, పరిరక్షణకు మార్గదర్శకాలను కూడా ప్రచురించింది. సర్వే చేసేవారు వాటిని పాటిస్తారా అని మొదటే అడగండి. పెద్ద దాతృత్వ సంస్థలు దరఖాస్తును తూచేటప్పుడు ఈ నివేదికనే ముందుగా చూస్తాయి.

ఎవరి అనుమతి కావాలి?

దేశాన్ని బట్టి మారుతుంది. ఇంగ్లండులో కెథడ్రల్ కట్టడాలకు ప్రత్యేక చట్టం ఉంది. పని తీవ్రతను బట్టి ఆ కెథడ్రల్‌కు చెందిన కట్టడ సలహా సంఘం గాని, దేశ స్థాయిలోని కెథడ్రళ్ల కట్టడ కమిషన్ గాని అనుమతించాలి. ఫ్రాన్సులో 1905 నాటి చట్టం తరువాత పాత కెథడ్రళ్లలో అత్యధికం ప్రభుత్వ ఆస్తి, కాబట్టి అక్కడ దాతల సంఘం ప్రభుత్వ సంస్కృతి శాఖతో కలిసి నడవాలి. ఫ్రాన్సులోని షార్ట్ర కెథడ్రల్ కోసం అమెరికాలో ఏర్పడిన మిత్రుల సంఘం ఇలా సముద్రం అవతల నుంచి సేకరించిన డబ్బుతో కిటికీల పనికి సాయపడింది. అనుమతి రాకముందు సేకరించిన డబ్బును పని ఆగితే ఏం చేస్తారో విజ్ఞప్తిలోనే రాయడం మంచిది.

అంచనా వ్యయంలో ఏమేమి చేర్చాలి?

గాజు పని ఖర్చు కంటికి ముందుగా కనిపిస్తుంది గనుక దానిని ఎవరూ మరిచిపోరు. మరిచిపోయేవి వేరే ఉన్నాయి: పరంజా, ప్యానెళ్లు లేనప్పుడు ఖాళీని మూసే తాత్కాలిక గాజు, భద్రమైన రవాణా, బీమా, పని ప్రతి దశను నమోదు చేసే పత్రాలు, ప్రాజెక్టు నిర్వాహకుల జీతాలు, పన్నులు. నిధుల సేకరణకయ్యే ఖర్చు కూడా ఖర్చే, దానిని దాచిపెట్టడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

రాతి పనిని విడిగా ప్రస్తావించాలి. 2009లో ఇంగ్లండులోని కాంటర్‌బరీ కెథడ్రల్ దక్షిణ మహా కిటికీ నుంచి రాతి ముక్క ఒకటి ఊడిపడింది. పరీక్షించి చూస్తే గాజును పట్టుకున్న రాతి చట్రమే పెద్ద ఎత్తున దెబ్బతిన్నదని తెలిసింది. గాజంతా దించి, రాయి మార్చి, తిరిగి అమర్చడానికి ఏళ్లు పట్టింది. గాజు బాగుచేసి పాడైన రాతిలో బిగించడం, కొత్త చిత్రాన్ని చెదపట్టిన చట్రంలో పెట్టడంతో సమానం. వీటన్నిటి మీద అనుకోని ఖర్చులకు కొంత శాతం పక్కన పెట్టండి. ప్యానెల్ దించి సీసం విప్పేదాకా దాని లోపల ఏముందో ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు.

లోపల పాత గాజు ఉండగా బయట మరో గాజు ఎందుకు? దానికి డబ్బు ఇమ్మని ఎలా అడగాలి?

దాతలను ఒప్పించడానికి అన్నిటికంటే కష్టమైన పద్దు ఇదే, పరిరక్షణలో అన్నిటికంటే విలువైన పద్దూ ఇదే. పద్ధతి ఇలా ఉంటుంది. పాత ప్యానెళ్లను వాటి అసలు గాడి నుంచి తీసి కొంచెం లోపలికి జరిపి, ప్రత్యేక చట్రాలలో నిలబెడతారు. ఖాళీ అయిన గాడిలో కొత్త రక్షణ గాజు బిగిస్తారు. రెండింటి నడుమ ఉన్న సందులోకి భవనం లోపలి గాలి కింద నుంచి వచ్చి పై నుంచి పోయేలా దారులు వదులుతారు. అప్పుడు పాత గాజుకు రెండు వైపులా ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రత ఉంటుంది, చెమ్మ పట్టదు, వాన తగలదు, గాలి ఒత్తిడిని కొత్త గాజే భరిస్తుంది. యార్క్ తూర్పు కిటికీకి అతినీల లోహిత కిరణాలను అడ్డుకునే రక్షణ గాజు అమర్చారు.

గాలి ఆడే దారి లేకుండా బయట ఒక ప్లాస్టిక్ పలకో అద్దమో బిగించేస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది, వేడీ తేమా లోపలే చిక్కుకుంటాయి. చౌకగా అయిపోతుందని ఎవరైనా అలా సూచిస్తే, ఆ మాటను పరిరక్షకులకు చేరవేసి ఊరుకోండి.

అడగడం విషయానికి వస్తే, నా అనుభవంలో ఒక మాట బాగా పనిచేస్తుంది: "గాజును శుభ్రం చేయడానికి ఇచ్చే డబ్బు నిన్నటి నష్టాన్ని సరిదిద్దుతుంది, రక్షణ గాజుకు ఇచ్చే డబ్బు రేపటి నష్టాన్ని ఆపుతుంది." వ్యాపారం చేసేవారికి, ఇంజినీర్లకు ఇది వెంటనే ఎక్కుతుంది. తళుకు కోరే దాతకు దీనిని అంటగట్టకండి. అతనికి ఒక దేవదూత ముఖం ఉన్న ప్యానెల్ చూపించడమే న్యాయం.

బహిరంగ విజ్ఞప్తికి ముందే కొంత డబ్బు సమకూరాలంటారు. నిజమేనా?

నిజమే. పెద్ద ప్రాజెక్టులలో ముందు ఒక నిశ్శబ్ద దశ ఉంటుంది. ధర్మకర్తలు తాము ఎంత ఇస్తారో తేల్చుకుంటారు, తరువాత నలుగురైదుగురు పెద్ద దాతలను, ఒకటి రెండు దాతృత్వ సంస్థలను ఇంటికో కార్యాలయానికో వెళ్లి కలుస్తారు. లక్ష్యంలో గణనీయమైన భాగం ఇలా ఖాయమయ్యాకే ప్రజల ముందుకు వస్తారు. ఖాళీ పళ్లెంలో మొదటి నాణెం వేయడానికి ఎవరూ ముందుకు రారన్నది ప్రతి చందాల సంఘానికీ తెలిసిన సంగతే. ధర్మకర్తలలో ఒక్కరూ రూపాయి ఇవ్వకుండా ఊరందరినీ అడగబోతే, మొదటి సమావేశంలోనే ఆ ప్రశ్న వస్తుంది.

ఎవరిని అడగాలి?

ఒక్క చోటి నుంచి అంతా వస్తుందని అనుకోవద్దు. 2011 నుంచి 2016 వరకు యార్క్‌లో జరిగిన సుమారు 2 కోట్ల పౌండ్ల ప్రాజెక్టులో తూర్పు కిటికీ పని ఒక భాగం. అందులో దాదాపు సగం, జాతీయ లాటరీ డబ్బును చారిత్రక కట్టడాలకు ఇచ్చే వారసత్వ లాటరీ నిధి నుంచి వచ్చింది, మిగిలింది వ్యక్తులు, ట్రస్టులు కలిసి సమకూర్చారు. ప్రజాధనం ఇచ్చే సంస్థలు కిటికీ బాగైతే చాలు అనవు. ఎంతమంది కొత్తవారు చూశారు, ఎంతమంది యువకులు పని నేర్చుకున్నారు, చరిత్ర ఎలా చెప్పారు అని అడుగుతాయి. శిక్షణ, ప్రదర్శన, బడి పిల్లల కార్యక్రమాలను చివరి నిమిషంలో అతికించకుండా మొదటి నుంచీ ప్రణాళికలో కలపాలి.

క్రమం తప్పని చిన్న చందాలకు మిత్రుల సంఘాలను మించినవి లేవు. కాంటర్‌బరీలో 1927లో, కెథడ్రల్ పెద్ద (డీన్) జార్జ్ బెల్ హయాంలో, కెథడ్రల్ మిత్రుల సంఘం మొదలైంది. ఇతర కెథడ్రళ్లు ఆ దారినే పట్టాయి. జర్మనీలోని కొలోన్‌లో 1842లో స్థాపించిన కెథడ్రల్ నిర్మాణ సంఘం ఇప్పటికీ ఆ కట్టడం పోషణకు ప్రధాన ఆధారాలలో ఒకటి. వీలునామాల ద్వారా వచ్చే మొత్తాలు పెద్దవి, కాని ఎప్పుడు వస్తాయో చెప్పలేము. వాటిని నమ్ముకుని పరంజా కట్టకూడదు.

మతంతో సంబంధం లేనివారిని, వేరే మతాల వారిని అడగవచ్చా?

నిస్సందేహంగా అడగవచ్చు. కిటికీ ఆరాధనలో భాగమే, అదే సమయంలో చిత్రకళ, రసాయన శాస్త్రం, ఊరి చరిత్ర కూడా. అయితే వారితో మాట్లాడేటప్పుడు ఇది చర్చి అన్న సంగతిని మరుగుపరచనక్కరలేదు. ఇచ్చిన డబ్బు గాజుకే వెళుతుందని, ప్రార్థనా కార్యక్రమాలకో జీతాలకో కాదని రాతపూర్వకంగా చెప్పగలిగితే చాలు. ఆ మాట నిలబడాలంటే ఖాతా విడిగా ఉండాలి.

"ఒక గాజు ముక్కను దత్తత తీసుకోండి" వంటి పథకాలు పనిచేస్తాయా?

పనిచేస్తాయి, కొన్ని జాగ్రత్తలతో. దాతకు ఒక ప్యానెల్ ఫొటో, అందులోని కథ, దాని పని ముగిశాక ఒక ఉత్తరం పంపితే, ఆ కిటికీతో అనుబంధం ఏర్పడుతుంది. జాగ్రత్తలు ఏమిటంటే, ప్యానెల్ మీద దాతకు యాజమాన్యం ఏదీ రాదని ముందే స్పష్టం చేయాలి. అందరూ మాత, శిశువు, దేవదూతల ప్యానెళ్లనే కోరుకుంటారు, అంచులలోని ఆకుల అల్లికను ఎవరూ అడగరు. కాబట్టి వచ్చిన డబ్బు మొత్తం కిటికీ పనికి వాడుకునే అధికారం సంఘానికి ఉంటుందని పథకం నిబంధనలలోనే రాయాలి. లేకపోతే సాధువు ముఖానికి మూడింతల నిధి, పక్కనున్న ఆకులకు సున్నా మిగులుతాయి.

తీసేసిన పాత సీసపు పట్టీలను, పాత గాజు ముక్కలను జ్ఞాపికలుగా అమ్ముదామన్న ఆలోచన ప్రతి సంఘంలోనూ ఎవరో ఒకరికి వస్తుంది. సీసం విషపదార్థం. పైగా ఆ పాత పట్టీలు కూడా చారిత్రక ఆధారాలే. ఏది దాచాలో ఏది పారేయాలో పరిరక్షకులు, అనుమతి ఇచ్చిన సంఘం తేలుస్తారు.

దాతల పేర్లు ఎక్కడ రాయాలి?

పుస్తకంలో, వెబ్‌సైటులో, గోడ మీద ఒక నిరాడంబరమైన ఫలకం మీద. చారిత్రక గాజు మీద మాత్రం రాయకూడదు. కొత్తగా చేర్చిన ముక్కల మీద పరిరక్షకులు తేదీని సన్నగా గుర్తు పెట్టడం వేరు, అది రేపటి నిపుణులకు ఇది అసలుది కాదని తెలపడానికి.

గాజులో దాతల ఆనవాళ్లు ఉండడం పాత సంప్రదాయమే. షార్ట్ర కిటికీల అడుగున రొట్టెలు కాల్చేవారు, చెప్పులు కుట్టేవారు, ఉన్ని బట్టలమ్మేవారు తమ పనుల్లో ఉన్నట్టు కనిపిస్తారు. వారే ఆ కిటికీలకు డబ్బు ఇచ్చారా, మరే కారణంతో వారిని చిత్రించారా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎనిమిది శతాబ్దాల తరువాత కూడా దాత ఎవరన్నది చర్చనీయాంశం కావడం నాకు ముచ్చటగానే అనిపిస్తుంది.

పేరు భారమయ్యే సందర్భాలూ ఉన్నాయి. వాషింగ్టన్ నేషనల్ కెథడ్రల్‌లో 1953లో ఒక సంఘం విరాళంతో అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన సేనానులు లీ, జాక్సన్‌ల స్మారక కిటికీలు పెట్టారు. 2017లో వాటిని తొలగించారు. 2023లో ఆ స్థానంలో కళాకారుడు కెర్రీ జేమ్స్ మార్షల్ రూపకల్పన చేసిన కిటికీలు వచ్చాయి. విరాళం ఎవరి నుంచి తీసుకోవచ్చు, ఎవరిని కాదనాలి, పేరు ఎంతకాలం ఉంటుంది అన్న నియమాలను మొదటి చెక్కు రాకముందే రాసుకోవాలి. చెక్కు చేతిలో పడ్డాక నియమాలు రాయడం మొదలుపెడితే, ఎదురుగా ఉన్న ఆ మనిషి గురించే రాసినట్టు ఉంటుంది.

పాతదాన్ని బాగుచేయడం కంటే కొత్త కిటికీ చేయించడం చవక కాదా?

చాలాసార్లు చవకే. కాని రెండూ వేరు వేరు పనులు. కొలోన్ కెథడ్రల్ దక్షిణ బాహువులోని (శిలువ ఆకారపు చర్చిలో దక్షిణం వైపు చాచిన భాగంలోని) ఒక కిటికీ అసలు గాజు రెండో ప్రపంచ యుద్ధంలో పోయింది. 2007లో జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ అక్కడ 72 రంగులలో 11,263 చదరపు గాజు ముక్కలతో కొత్త కిటికీ రూపొందించాడు. ఆయన పారితోషికం తీసుకోలేదు, తయారీ ఖర్చు దాతలు భరించారు. అసలు గాజు పోయిన చోట అది సబబు. అసలు గాజు ఉన్నచోట, ఎంత పాడైనా సరే, దానిని దించి కొత్తది పెట్టడం పరిరక్షణ అనిపించుకోదు.

స్వచ్ఛంద సేవకులతో గాజు శుభ్రం చేయించి ఖర్చు తగ్గించవచ్చా?

వద్దు. గతంలో ఆమ్లాలతో, గరుకు పొడులతో చేసిన "శుభ్రత" వల్ల పోయిన చిత్రాలు అన్నీ ఇన్నీ కావు. సేవకులకు చేయదగిన పనులు వేరే ఎన్నో ఉన్నాయి: చందాదారులకు ఉత్తరాలు, పాత దస్తావేజులలో కిటికీ చరిత్ర వెతకడం, సందర్శకులకు వివరించడం. అతి తక్కువ ధర చెప్పిన సంస్థకే పని ఇవ్వాలన్న పట్టుదల కూడా ఇలాంటి పొరపాటే.

పని ఏళ్ల తరబడి సాగుతుంది. దాతల ఉత్సాహం చల్లారకుండా ఏం చేయాలి?

ఆ ఏళ్లే మీకు వరం. నేలకు ఇరవై మీటర్ల ఎత్తున ఉన్న గాజును కంటికి ఎదురుగా చూసే అవకాశం తరానికి ఒక్కసారి రావడమే గొప్ప. కాంటర్‌బరీ దక్షిణ కిటికీకి రాతి పని జరుగుతుండగా, అందులోని క్రీస్తు పూర్వీకుల చిత్రాలను 2013లో లాస్ ఏంజెలెస్‌లోని గెటీ మ్యూజియంలో, 2014లో న్యూయార్క్‌లోని క్లోయిస్టర్స్ మ్యూజియంలో ప్రదర్శించారు. కింద నుంచి మరకల్లా కనిపించిన ముఖాలకు దగ్గరగా చూస్తే ముడుతలు, చూపులు ఉన్నాయి.

సముద్రాలు దాటించే స్తోమత లేకపోయినా నష్టం లేదు. పనిశాలకు చిన్న బృందాలను తీసుకువెళ్లండి. పది మందికి మించకూడదు, బల్ల చుట్టూ అంతకంటే ఎక్కువ మంది పట్టరు. ఒకప్పుడు విరిగిన ముఖాన్ని అతకడానికి అడ్డంగా వేసిన సీసపు పట్టీని తీసేసి, అంచులను జిగురుతో కలిపిన తరువాత ఆ ముఖం ఎలా తేరుకుందో, ముందు ఫొటో పక్కన పెట్టి చూపండి. చూసినవారు దాని గురించి నలుగురికీ చెప్పుకుంటారు. దాతలకు పంపే కబుర్లలో కష్టాలు కూడా రాయండి: రాయి అనుకున్నదానికంటే పాడైంది, పని ఆరు నెలలు వెనక్కి పోయింది అని. మౌనం కంటే చెడు కబురు మేలు.

పన్నుల విషయంలో దాతలకు ఏం చెప్పాలి?

మీ దేశంలోని చట్టం తెలిసిన లెక్కల నిపుణులను అడిగి, వారి జవాబునే చెప్పండి. ఉదాహరణకు బ్రిటన్‌లో గిఫ్ట్ ఎయిడ్ పద్ధతి కింద, పన్ను చెల్లించే దాత ఇచ్చిన ప్రతి పౌండుకు ధర్మసంస్థ ప్రభుత్వం నుంచి మరో 25 పెన్స్ రాబట్టుకోవచ్చు. దాత అందుకు ఒప్పుకుంటూ ప్రకటన ఇవ్వకపోతే అది రాదు. మరోవైపు మరమ్మతుల మీద 20 శాతం విలువ ఆధారిత పన్ను పడుతుంది. దానిని తిరిగి పొందేందుకు 2001లో మొదలైన ప్రార్థనా స్థలాల గ్రాంటు పథకానికి 2025లో ఒక్కో చోటుకు ఏడాదికి 25,000 పౌండ్ల గరిష్ఠ పరిమితి విధించారు. ప్రభుత్వ పథకాలను నమ్ముకుని వేసిన బడ్జెట్ మధ్యలో తలకిందులు కావచ్చనడానికి ఇదే నిదర్శనం.

లక్ష్యం కంటే తక్కువ వస్తే? ఎక్కువ వస్తే?

తక్కువ వస్తే పనిని దశలుగా విడగొట్టండి. ఒక కిటికీలో సగం కాకుండా ఒక కిటికీ పూర్తిగా, లేదా ఒక వరుస పూర్తిగా అయ్యేలా చూడండి. పరంజాను రెండుసార్లు కట్టడం కంటే దండగ ఖర్చు మరొకటి లేదు.

ఎక్కువ రావడం అరుదు, కాని దానికీ నియమం ఉండాలి. 2019 అగ్నిప్రమాదం తరువాత పారిస్‌లోని నోత్ర్ దామ్ కెథడ్రల్‌కు 150 దేశాల నుంచి సుమారు 3,40,000 మంది 84 కోట్ల యూరోలకు పైగా ఇచ్చారు. ప్రధాన పునరుద్ధరణ ముగిశాక మిగిలిన సుమారు 14 కోట్ల యూరోలను అదే కట్టడంలోని ఇతర మరమ్మతులకు కేటాయించారు. ఒక పనికని తీసుకున్న డబ్బును మరో పనికి మళ్లించే స్వేచ్ఛ చాలా దేశాల చట్టాలలో లేదు. "ఈ కిటికీ పని పూర్తయ్యాక మిగిలిన నిధిని కెథడ్రల్‌లోని ఇతర గాజు పరిరక్షణకు వాడతాము" అన్న ఒక్క వాక్యం విజ్ఞప్తిలో ఉంటే తరువాతి వివాదాలు చాలా తప్పుతాయి.

పని ముగిశాక ఖర్చు ఉంటుందా?

ఉంటుంది, అది కొంచెమే. రక్షణ గాజు వెనుక సందులో దుమ్ము, సాలెగూళ్లు చేరాయా, గాలి దారులు మూసుకుపోయాయా, కొత్త చెమ్మ జాడ ఉందా అని క్రమం తప్పకుండా చూడాలి. వాన నీటి గొట్టాలు పూడుకుపోకుండా చూసుకోవాలి. సందులో పెట్టిన చిన్న పరికరాలు ఉష్ణోగ్రతను, తేమను నమోదు చేస్తూ ఉంటాయి, ఆ అంకెలను చదివేవారు ఒకరు ఉండాలి. ఈ ఖర్చు కోసం లక్ష్యంలోనే కొంత భాగాన్ని శాశ్వత నిధిగా వేరు చేసి, దాని వడ్డీతో నడపడం మంచి పద్ధతి. తనిఖీకి వచ్చినప్పుడు నిచ్చెన ఎక్కే మనిషి కూలి, పరికరానికి మార్చే బ్యాటరీ కూడా ఆ పద్దులో రాసి ఉంచండి.